మీకిష్టమైన పాటలు మీ దగ్గరే ఉండాలంటే ఏం చేయాలి

పోయిన ఏడాది ఒక రాత్రి అస్సలు నిద్ర పట్టలేదు. అలాంటప్పుడు నేను వినే పాట ఒకటుంది, దాని కోసం ప్లేలిస్ట్ తెరిచాను. పాట పేరు ఉంది, పక్కన నేను పెట్టుకున్న గుండె గుర్తూ ఉంది, కానీ అక్షరాలు బూడిద రంగులోకి మారిపోయాయి. నొక్కితే "ఈ పాట ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఒక్క ముక్క. మూడేళ్లుగా నెలనెలా డబ్బు కడుతున్న యాప్ అది. కిందికి జరుపుతూ పోతే 612 పాటల్లో 41 అలాగే ఉన్నాయి, అవి ఎప్పుడు పోయాయో కూడా నాకు తెలియదు. కోపం కంటే, ఇన్నేళ్లు విన్నాక నాకంటూ ఒక్క పాట కూడా లేదన్న సంగతి ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత రెండు నెలలు ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని, నాకు కావాల్సిన పాటలన్నీ ఫైళ్లుగా నా దగ్గర పెట్టుకున్నాను. ఎలా చేశానో, ఎక్కడ టైమ్ వేస్ట్ అయిందో రాస్తున్నాను, కనీసం మీకు ఆ వేస్ట్ తప్పుతుందని.

అసలు పాటలు ఎందుకు మాయమవుతాయంటే, అవి యాప్ వాళ్లవి కావు. మ్యూజిక్ కంపెనీలతో ఇన్నేళ్లకని, ఈ దేశాలకని ఒప్పందం రాసుకుంటారు, అది ముగిసినా, హక్కులు ఇంకొకరి చేతికి వెళ్లినా పాట పోతుంది. డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను. కానీ అది తాళం వేసిన ఫైల్, ఆ యాప్‌లోనే, డబ్బు కడుతున్నంత కాలమే పలుకుతుంది. కొన్ని యాప్‌లలో 30 రోజులకు ఒకసారైనా నెట్‌కి కనెక్ట్ కాకపోతే ఆ డౌన్‌లోడ్‌లు కూడా పనిచేయవు.

మొదట చేయాల్సింది లిస్ట్ రాయడం. ఉన్నవన్నీ తెచ్చుకుందామని మొదలుపెడితే మూడో రోజుకే విసుగొచ్చి వదిలేస్తారు. ప్రతి పాట దగ్గరా ఒకటే అడగండి: ఇది రేపు పోతే నేను వెతుక్కుంటానా? వెతుక్కుంటాను అన్నవే రాయండి. 612లో నాకు 140 తేలాయి. మిగతావి బాగోక కాదు, వాటిని యాప్‌లో వింటే చాలు. నేను స్ట్రీమింగ్ మానలేదు, మిమ్మల్నీ మానమనడం లేదు, కొత్త పాటలు దొరికేది అక్కడే. లిస్ట్‌లో పాట పేరుతో పాటు ఏ ఆల్బమ్‌లోది, ఎవరు పాడినది, ఏ సంవత్సరంలోది అన్నవి కూడా రాసుకోండి, ఎందుకంటే ఒకే పాటకు స్టూడియోలో పాడింది, కచేరీలో పాడింది, తర్వాత రీమాస్టర్ చేసింది (అంటే పాత రికార్డింగ్ శబ్దాన్ని మళ్లీ సరిదిద్దింది) వేరువేరుగా ఉంటాయి, మీ చెవికి అలవాటైనది వాటిలో ఒక్కటే.

ఎక్కడ తెచ్చుకోవాలి? ఇంట్లో పాత సీడీలుంటే ముందు అవే తీయండి, వాటిని మించిన క్వాలిటీ అక్కర్లేదు. సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో, విండోస్ అయితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో, పాటల్ని ఫైళ్లుగా మార్చుకోవచ్చు (సొంత సీడీని కాపీ చేసుకోవడం మీద ఒక్కో దేశంలో ఒక్కో నియమం, మీ దగ్గర ఏముందో చూసుకోండి). కొనాలంటే బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో చాలామంది కళాకారులు నేరుగా తాళం లేని ఫైళ్లు అమ్ముతారు. ఐట్యూన్స్ స్టోర్ కూడా 2009లోనే కొన్న పాటలకు తాళాలు తీసేసింది. వీడియో సైట్ల నుంచి లాగడం మాత్రం వద్దు. పాడినవాళ్లకు రూపాయి రాదు, పైగా అది ఒకసారి కుదించిన శబ్దాన్ని మళ్లీ కుదించడం, జిరాక్స్ కాగితాన్ని మళ్లీ జిరాక్స్ తీసినట్టు ఉంటుంది.

ఇక ఏ ఫార్మాట్ అన్న దగ్గర నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను, మీరు పది నిమిషాల్లో తేల్చేయండి. సీడీలో శబ్దం సెకనుకు 1,411 కిలోబిట్ల చొప్పున ఉంటుంది, అంటే ఐదు నిమిషాల పాటకు దాదాపు 53 ఎంబీ. ఫ్లాక్ అనే ఫార్మాట్ అందులో ఏమీ పోగొట్టకుండా మడతపెట్టి సగానికి కాస్త అటూఇటూ చేస్తుంది. 320 కిలోబిట్ల ఎంపీ3 అయితే మన చెవి పెద్దగా పట్టించుకోని వివరాలు తీసేసి అదే పాటను 12 ఎంబీకి దించుతుంది. నా స్నేహితుణ్ని కూర్చోబెట్టి, ఏది పెడుతున్నాడో చెప్పకుండా రెండూ మార్చి మార్చి వినిపించమన్నాను. ఇరవై సార్లలో పదకొండు కరెక్ట్ చెప్పాను, అంటే ఊహించి చెప్పినదానికి తేడా లేదు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో అయితే ఎలాగూ పంపేటప్పుడు ఇంకోసారి కుదింపు జరుగుతుంది. అందుకే కంప్యూటర్‌లో దాచుకోవడానికి ఫ్లాక్, ఫోన్‌లో వినడానికి ఎంపీ3, అంతటితో ఆపేశాను. ఫ్లాక్ నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు. 128 కిలోబిట్ల ఎంపీ3ని 320కి మార్చితే మాత్రం సైజు పెరుగుతుంది తప్ప పోయిన శబ్దం తిరిగి రాదు.

అందరూ దాటేసే పని ట్యాగులు, నాకు మాత్రం అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే. ఫైల్ లోపల పాట పేరు, గాయకుల పేరు, ఆల్బమ్, సంవత్సరం రాసుకునే గళ్లు ఉంటాయి. అవి సరిగ్గా లేకపోతే ప్లేయర్‌లో "ట్రాక్ 01", "తెలియని కళాకారులు" అని కుప్పగా పడి ఉంటాయి, అప్పుడు పాటలుండీ దొరకవు. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో (విండోస్‌లో ఉచితం) ఆల్బమ్ మొత్తం ఒకేసారి సరిచేయొచ్చు. పాత ఫైళ్లలో తెలుగు పేర్ల చోట వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే కంగారుపడకండి. ఎంపీ3 ఫైళ్లలో ఉండే ట్యాగుల్ని ఐడీ3 అంటారు, వాటి మొదటి వెర్షన్‌లో ఒక్కో గడికి 30 అక్షరాలే పట్టేవి, తెలుగు లాంటి లిపులకు చోటే లేదు. సెట్టింగ్స్‌లో రెండో వెర్షన్, యూనికోడ్ (అన్ని లిపులూ పట్టే పద్ధతి) ఎంచుకుని తెలుగులో మళ్లీ టైప్ చేస్తే నిక్షేపంగా కనిపిస్తుంది. ఒక లిపి అనుకుంటే అదే అన్నిటికీ వాడండి, ఒకే గాయని పేరు మూడు స్పెల్లింగుల్లో ఉంటే ప్లేయర్ ముగ్గురు మనుషులనుకుంటుంది. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి కూడా నింపండి, అది ఖాళీగా ఉంటే ఒక్కో పాట ఒక్కొక్కరు పాడిన ఆల్బమ్ ముక్కలు ముక్కలుగా విడిపోతుంది.

కామెంట్ అని ఇంకో గడి ఉంటుంది, దాన్నెవరూ వాడరు. అందులో నేను ఆ పాట ఎందుకు ఉంచుకున్నానో ఒక వాక్యం రాస్తున్నాను. "మొదటి ఉద్యోగం పోయిన వారం, రోజూ సాయంత్రం ఇదే." అలా రాయడం మొదలుపెట్టాక లిస్ట్‌లో నుంచి ఓ పది పాటలు వాటంతటవే జారిపోయాయి, రాయడానికి ఏమీ లేక.

ఒక పాట గుసగుసలా, ఇంకో పాట చెవి పగిలేలా ఉండి మాటిమాటికీ వాల్యూమ్ మార్చాల్సి వస్తుంటే రీప్లేగెయిన్ అన్నది వెతకండి, ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఉంటుంది. అది శబ్దాన్ని ముట్టుకోదు, ఈ పాటను ఇంత తగ్గించు లేదా పెంచు అని ట్యాగులో ఒక అంకె రాసిపెడుతుంది అంతే. మీ ప్లేయర్ దాన్ని చదువుతుందో లేదో చూసుకోండి. వాల్యూమ్ సంగతి చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. చెవిలో గుయ్యిమనే మోత రాత్రంతా ఉండి భయపడ్డాక నేను ఈ లెక్క మనసులో పెట్టుకున్నాను.

వినడానికి పక్కన పడేసిన పాత ఫోన్ ఉంటే తీయండి. సిమ్ తీసేసి, పాటలు కాపీ చేసి, వీఎల్‌సీ లాంటి ప్లేయర్ పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. చరణం మధ్యలో ఆఫర్ మెసేజ్ టింగుమనదు, పాట అయిపోగానే ఎవరో ఎంచిన ఇంకో పాట దానంతటదే మొదలవ్వదు. ఈ రెండూ లేకపోవడం ఎంత హాయిగా ఉంటుందో మొదటి రోజే తెలుస్తుంది.

కాపీలు కనీసం మూడు ఉండాలి: కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఒకటి, ఇంటి బయట ఎక్కడైనా ఒకటి, క్లౌడ్ అయినా సరే, అక్క దగ్గర ఉంచిన డ్రైవ్ అయినా సరే. రెండు చోట్ల సింక్ అవుతోంది కదా అని ధీమాగా ఉండకండి, సింక్‌లో ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. పెన్ డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మూడు నెలలకోసారి బ్యాకప్‌లోంచి ఏవో ఐదు పాటలు చివరిదాకా వినండి, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఇదంతా చేయడానికి ఇప్పుడు తీరిక లేదు, ఈరోజు అరగంటే ఉంది అంటే, పాటలు పక్కన పెట్టి ముందు వాయిస్ నోట్‌లు తీసి దాచండి. పాటలు ఎక్కడో ఒక చోట మళ్లీ దొరుకుతాయి. మా నానమ్మ నాకు మెసేజ్‌లో పంపిన 38 సెకన్ల పాట ఒకటుంది. రెండో చరణం అందుకోబోయి ఆగి, చిన్నగా దగ్గి, "ఇంక గుర్తు లేదు నాన్నా, రేపు పాడతాలే" అంటుంది. ఫోన్ మార్చినప్పుడు నా దగ్గర అది పోయింది, తను అప్పటికే లేదు. మా బాబాయి ఫోన్‌లో ఫ్యామిలీ గ్రూప్‌ని నాలుగేళ్ల వెనక్కి జరుపుతూ పోతే దొరికింది.

చాట్‌లో ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని, షేర్ నొక్కి, ఫైల్స్‌లోకి సేవ్ చేయండి. చాలాసార్లు అది ఓపస్ అనే ఫార్మాట్‌లో వస్తుంది, వీఎల్‌సీలో పలుకుతుంది. దాన్ని ఎంపీ3గా మార్చినా అసలు ఫైల్‌ని మాత్రం చెరపొద్దు. అంకెలతో వచ్చిన పేరు తీసేసి తేదీ, మనిషి, విషయం పెట్టండి, ముందు సంవత్సరం రాస్తే వరస తప్పదు. నా ఫోల్డర్‌లో దాని పేరు "2019-08 నానమ్మ, సగం పాట". కామెంట్ గడి మాత్రం ఖాళీగా ఉంచాను.