ఆదివారం ఆరాధనకు శనివారం రాత్రే సిద్ధపడండి

చర్చిలో మనసు నిలవట్లేదంటే తప్పు చాలావరకు శనివారం రాత్రిదే. బట్టలు ఇస్త్రీ చేసి, కానుక కవర్లో పెట్టి, బైబిలు, కీర్తనల పుస్తకం సంచిలో సర్దేసి పడుకోండి. పొద్దున్నే పిల్లల సాక్సుల కోసం అరుచుకుని వెళ్తే మొదటి రెండు పాటలు ఆ చిరాకులోనే పోతాయి.

అసలు సమస్య ఫోన్. బైబిల్ యాప్ కోసమే తెరుస్తాం, పైనుంచి వాట్సాప్ మెసేజ్ జారుతుంది, అంతే, ప్రసంగం ఎక్కడుందో తెలియదు (నాకు ఎన్నిసార్లు జరిగిందో!). అచ్చు బైబిలు పట్టుకెళ్లండి, లేదంటే వాక్యాలు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్ పెట్టండి.

తలుపు దగ్గర కూర్చోవద్దు. ఎవరితోనైనా గొడవ ఉంటే మత్తయి 5:23-24లో చెప్పినట్టు ముందు వాళ్లతో సమాధానపడి రండి, కుదరకపోతే కనీసం ఫోన్ చేయండి.

మధ్యాహ్నం కూర టెన్షనా? మసాలా రాత్రే నూరి ఫ్రిజ్‌లో పెట్టేయండి.