తాపాస్ బార్లో కూర్చోకండి: మాడ్రిడ్‌లో వెర్మూత్ వేళ ఎలా గడపాలి?

మాడ్రిడ్ చూడటానికి వచ్చే మనవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. సాయంత్రం ఆరున్నరకు ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా మయోర్ చౌకు చేరతారు. గొడుగుల కింద బల్లలు కలిపించి ఎనిమిదిమంది కూర్చుంటారు. ఫొటోలు అచ్చువేసిన మెనూ తెప్పించుకుని పండ్ల ముక్కలు వేసిన వైన్ సాంగ్రియా ఒక కూజా, పెనం నిండా పయేయా చెబుతారు. పయేయా వలెన్సియా వైపు అన్నం వంట, అదీ మధ్యాహ్నం తినేది. బిల్లు చూసి గుడ్లు తేలేసి, ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అని తాపాస్ మీద, అంటే గ్లాసుతో పాటు తినే చిరుతిళ్ల మీద, తీర్పు చెప్పేస్తారు. పాపం, అందులో తాపాస్ చేసిన తప్పేమీ లేదు. వేళ తప్పు, చోటు తప్పు, అన్నిటికంటే పెద్ద తప్పు కూర్చోవడం.

పాతకాలపు తాపాస్ బార్‌కు భోజనానికి వెళ్లరు. కౌంటరు దగ్గర నిలబడి ఒక గ్లాసు, ఒక చిన్న ప్లేటు, నాలుగు మాటలు ముగించుకుని పక్క బార్‌కు సాగిపోతారు. ఒక బార్లో ఒక గ్లాసు, ఒక రకం తిండి. దీన్ని సూత్రంగా పెట్టుకోండి. రెండో గ్లాసు అక్కడే తాగుదామని ఎవరైనా అంటే వాళ్లను అక్కడే వదిలేసి మీరు బయలుదేరండి.

వెంట ఉండాల్సినవి

చిల్లర యూరోలు, చిన్న సంచి, నొప్పి పెట్టని చెప్పులు. వీపున పెద్ద బ్యాగు వద్దు. మనుషులు ముగ్గురు, మహా అయితే నలుగురు. అంతకు మించితే రెండు జట్లుగా విడిపోయి తర్వాత కలుసుకోండి. బార్లకు రేటింగులిచ్చే యాప్‌లు ఫోనులో ఉంటే ఆ రోజుకు వాటి జోలికి పోకండి. వాటిలో పైన కనిపించే చోట్లు మీలాంటివాళ్లే రాసి పైకి తెచ్చినవి.

వేళ

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు. మిగతా రోజుల్లో బార్లు ఉండవని కాదు, కానీ మొదటిసారి ఆదివారమే వెళ్లాలి. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటల మధ్య మొదలవుతుంది. దానికి ముందు ఆకలి పుట్టించడానికి తాగేదే వెర్మూత్. పొద్దున ఎల్ రాస్త్రో సంతలో పాత సామాన్లు చూసుకుంటూ రిబేరా దే కుర్తిదోరెస్ వీధి తిరిగిన జనం, ఎండ ఎక్కాక లా లతీనా పేటలోని కావా బాహా వీధి వైపు మళ్లుతారు. వాళ్ల వెంట నడిస్తే చాలు. సాయంత్రం వెళ్లాలనుకుంటే ఎనిమిదిన్నరకు ముందు గడప తొక్కకండి. ఆరు గంటలకు తాపాస్ తినేది పర్యాటకులు మాత్రమే.

గ్లాసులో ఏముంటుంది

వెర్మూత్ అంటే మూలికలు, సుగంధ ద్రవ్యాలు నానబెట్టి, కాస్త స్పిరిట్ కలిపి బలం పెంచిన ద్రాక్ష వైన్. అందులో తప్పనిసరిగా ఉండాల్సింది ఆర్తెమీసియా జాతి చేదు మొక్క. మన వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రికి అది దగ్గర చుట్టం. ఎర్ర వెర్మూత్‌ను కూడా చాలావరకు తెల్ల వైన్‌తోనే చేస్తారు. ఆ రంగు కాల్చిన చక్కెరది. కటలోనియాలోని రేవుస్ పట్టణం దీనికి పేరుమోసింది, అక్కడ పుట్టిన ఇసాగిర్రె కంపెనీ 1884 నాటిది. ఆల్కహాలు సుమారు 15 శాతం, అంటే మామూలు బీరుకు మూడింతలు. తియ్యగా ఉంది కదా అని గడగడా తాగేసి, రెండో బార్ మెట్ల మీద కూర్చుండిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఎప్పుడూ కుళాయి వెర్మూత్ అడగండి. అక్కడ ‘దే గ్రీఫో’ అంటారు. సీసాలోది ఇంట్లోనూ తాగొచ్చు. తెల్ల వెర్మూత్ కూడా ఉంది కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మద్యం తాగనివాళ్లు కోలా చెప్పనక్కర్లేదు. ‘మోస్తో’ అడగండి. పులియబెట్టని ద్రాక్ష రసం అది. వెర్మూత్ వేళ ఐసు, నారింజ ముక్క, ఆలివ్ వేసి అదే పద్ధతిలో ఇస్తారు. చూసేవాళ్లకు తేడా తెలియదు. పిల్లలకూ పెద్దలకూ అదే.

అసలు కష్టం: కౌంటరు చేరడం, ఆర్డరు చెప్పడం

మన జనం బోల్తా పడేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

తలుపు తీయగానే జనం గోడ కట్టినట్టు కనిపిస్తారు. అరుపులు, కాఫీ యంత్రం బుస, వంటింట్లోకి ‘ఊనా దే బ్రావాస్!’ (ఒక ప్లేటు ఆలుగడ్డ వేపుడు) అని కేకలు. వెంటనే వెనక్కి తిరిగి ఎదురుగా ఖాళీగా ఉన్న బార్లోకి వెళ్లిపోతారు. ఆదివారం ఒంటిగంటకు లా లతీనాలో బార్ ఖాళీగా ఉందంటే దానికో కారణం ఉంటుంది. గుంపు ఎప్పుడూ తలుపు దగ్గరే దట్టంగా ఉంటుంది, ఎందుకంటే అందరూ మీలాగే అక్కడే ఆగిపోయారు. కౌంటరు లోపలి కొస వైపు చూడండి, అక్కడ సందు దొరుకుతుంది. ‘పెర్దోన్’ (క్షమించండి) అంటూ పక్కగా జరుగుతూ వెళ్లండి. నలుగురూ కలిసి వెళ్లకండి. ఒక్కరు కౌంటరుకు, మిగతావాళ్లు గోడకు బిగించిన సన్నటి అర దగ్గరో, బల్లలా నిలబెట్టిన పీపా దగ్గరో చోటు పట్టాలి. నలుగురూ కౌంటరు మీదకు ఎగబడి ఒకరి చెవిలో ఒకరు ‘నీకేం కావాలి?’ అని అడుక్కునే దృశ్యం నాకు కంపరం.

ఎవరైనా గ్లాసు తీసుకుని పక్కకు తప్పుకోగానే ముంజేయి కౌంటరు మీద పెట్టండి. ఫోను కాదు, సంచి కాదు, ముంజేయి. మోచెయ్యి చెక్కకు తగిలిందంటే ఆ జానెడు చోటు మీదే. ఒక్క చోట మాత్రం నిలబడకూడదు. బల్లలకు వడ్డించేవాళ్లు పళ్లేలు అందుకునే కొస ఉంటుంది. అక్కడ నిలబడితే మీకు మంచి మర్యాద జరగదు, జరగకూడదు కూడా.

అక్కడ వరస ఉండదు, కానీ క్రమం ఉంటుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో బార్ మనిషికి గుర్తుంటుంది. మీ పని అతని కంట పడటం, అంతే. తల ఎత్తి అతని వైపు చూస్తూ ఉండండి. చూపు కలవగానే కొద్దిగా తల ఊపండి. అతను మిమ్మల్ని లెక్కలో వేసుకున్నట్టే. ఆ తర్వాత ఓపిక పట్టాలి. యాభై యూరోల నోటు ఊపడం, చిటికెలు వేయడం, ‘హలో, హలో’ అని పిలవడం చేస్తే మీ వంతు వెనక్కి జరుగుతుంది. ఫోనులోకి తల దించినా అంతే, మీ వంతు దాటిపోయిన సంగతి కూడా మీకు తెలియదు. మీకంటే ముందొచ్చిన మనిషిని వదిలేసి పొరపాటున మిమ్మల్ని అడిగితే, చేత్తో ఆ మనిషిని చూపించండి. ఈ ఒక్క పని చేసిన పర్యాటకుణ్ణి బార్ మనిషి మర్చిపోడు.

చివరికి అతను మీ ముందుకు వచ్చి ‘దీమె’ అంటాడు. చెప్పమని అర్థం. చాలామంది ఆ క్షణంలో వెనక్కి తిరిగి ‘ఒరేయ్, బీరా, వైనా?’ అని కేకేస్తారు. తిరిగి చూసేసరికి అతను కౌంటరు అవతలి కొసలో ఉంటాడు, మళ్లీ పావుగంట. అందుకే ఏం కావాలో ముందే తేల్చుకుని, నోటికి పట్టించుకుని వెళ్లాలి. ‘ఓలా, దోస్ బెర్ముత్స్ ఇ ఉన్ మోస్తో.’ నమస్కారం, రెండు వెర్మూత్‌లు, ఒక మోస్తో. అంతే. మనం వెర్మూత్ అని రాసుకున్నా అక్కడ ‘బ’ అనే పలుకుతారు. మీది ఏ దేశం, ఎన్నాళ్లుంటారు, ఇక్కడ ఏది బాగుంటుంది అనే కబుర్లు తర్వాత. గట్టిగా చెప్పండి. మెల్లగా, మర్యాదగా గొణిగితే ఆ గోలలో ఎవరికీ వినపడదు. మొదట తాగేవి మాత్రమే చెప్పాలి, తినేవి కాదు.

అతను గ్లాసులు నింపే సమయంలో మీరు తిండి చూసుకోవాలి. నింపడం కూడా చూడదగ్గదే. పొట్టి గాజు గ్లాసు, రెండు ఐసు ముక్కలు, అర చక్రం నారింజ, పుల్లకు గుచ్చిన ఆలివ్. పిడి లాగగానే కుళాయి నుంచి ముదురు గోధుమరంగు ధార ఐసు మీద పడి ముక్కలు కిటకిటమంటాయి. కొన్నిచోట్ల సైఫన్ సీసా అందుకుని ఒక్క చిమ్ము సోడా కొడతారు. ఒక్క చిమ్మే కొట్టాలి. గ్లాసు నిండా కొట్టించుకునేవాళ్లు సోడా తాగితే సరిపోతుంది.

తిండి

గాజు అరల్లో, గోడ మీది నల్లబల్లలో ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోండి. చిన్న ప్లేటు తాపా, పెద్ద ప్లేటు రాసియోన్, సగం కావాలంటే మెదియా రాసియోన్. నలుగురికి సగం చాలు. మాడ్రిడ్‌లో గ్లాసుతో పాటు కొన్ని ఆలివ్‌లో చిప్సో ఊరికే వస్తాయి. రాకపోతే అడగకూడదు.

శాకాహారులు, పంది మాంసం తిననివాళ్లు ఈ భాగం వదలకండి. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. అక్కడ చాలామంది దృష్టిలో హామోన్, అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ, మాంసం లెక్కలోకి రాదు, ట్యూనా చేప అసలే రాదు. ‘వెహెతాల్’, అంటే కూరగాయలది, అని పేరున్న సాండ్‌విచ్‌లోనూ ట్యూనా ఉండటం మామూలే. ఆలివ్‌ల పొట్టలో ఆంచోవీ చేప కూరుతారు. క్రొకేతాల్లో, అంటే పైన పొడి అద్ది నూనెలో వేయించిన ముద్దల్లో, తరచూ హామోన్ ఉంటుంది. సాల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద కూడా హామోన్ చల్లుతారు. పతాతాస్ బ్రావాస్ పైకి ఆలుగడ్డ వేపుడే, కానీ పోసే సాస్‌ను కొన్నిచోట్ల మాంసపు మరుగు నీటితో కలుపుతారు. కాబట్టి ‘సిన్ హామోన్, సిన్ పెస్కాదో’ (హామోన్ వద్దు, చేప వద్దు) అని విడివిడిగా చెప్పండి. నిశ్చింతగా తినగలిగేవి టమాటా రుద్దిన రొట్టె, ఉప్పు వేసిన బాదం, పద్రోన్ పచ్చిమిరపకాయలు. ఈ మిరపకాయల్లో ఒకటో రెండో కారంగా ఉంటాయని అక్కడివాళ్లు భయపెడతారు. గుంటూరు కారం తిన్న నాలుక నవ్వుకుంటుంది. గుడ్డు తినేవాళ్లకు తోర్తియ్యా, అంటే ఆలుగడ్డ వేసిన మందపాటి అట్టు. ఉల్లిపాయ ఉన్నదే అడగండి. ఉల్లిపాయ లేని తోర్తియ్యా మేలని వాదించేవాళ్లు స్పెయిన్ నిండా ఉన్నారు, వాళ్లతో వాదన పెట్టుకోకుండా పక్క బార్‌కు వెళ్లండి.

చేప తినేవాళ్లు పుయెర్తా దెల్ సోల్ చౌకు దగ్గరున్న కాసా లాబ్రా వదలకూడదు. 1860 నాటి బార్. ఉప్పు చేసిన కాడ్ చేపను నానబెట్టి, పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. స్పెయిన్ సోషలిస్టు పార్టీ 1879లో ఇక్కడే పుట్టింది. మలసాన్యా పేట వైపు కొలోన్ వీధిలోని బొదేగా దే లా ఆర్దోసా 1892 నాటిది. వెనక గదిలోకి వెళ్లాలంటే కౌంటరు కిందుగా వంగి దూరాలి, నడుము నొప్పి ఉన్నవాళ్లు ముందే ఆగిపోండి. తోర్తియ్యా అక్కడే తినాలి. ఎచెగరాయ్ వీధిలోని లా బెనెన్సియాలో వెర్మూత్ అడగకండి, అది షెర్రీ అనే బలం పెంచిన వైన్ అమ్మే బార్. ఫొటోలు తీయనివ్వరు, మీ లెక్క కౌంటరు చెక్క మీదే సుద్దముక్కతో రాస్తారు.

చేతులు తుడుచుకోవడానికి కౌంటరు మీద డబ్బాలో కాగితాలుంటాయి. ‘వచ్చినందుకు ధన్యవాదాలు’ అని స్పానిష్‌లో అచ్చువేసిన ఆ పల్చటి కాగితాలు నూనెను పీల్చవు, చేతికంతా పూస్తాయి. మూడు నాలుగు ఒకేసారి లాగండి. నేల మీద పడి ఉన్నవి చూసి మీరూ పారేయకండి, ముందు కౌంటరు కింద బుట్ట ఉందేమో వంగి చూడండి.

డబ్బు కట్టడం

మన టిఫిన్ సెంటర్లలాగా ముందు డబ్బు, తర్వాత టోకెను పద్ధతి ఇక్కడ లేదు. తిని తాగి, వెళ్లేముందు ‘మే కోబ్రాస్?’ (డబ్బు తీసుకుంటారా?) అనాలి. ఒక బార్లో ఒకరు కట్టాలి, తర్వాతి బార్లో ఇంకొకరు. నలుగురు నాలుగు కార్డులు తీసి మూడేసి యూరోలు పంచుకుంటామంటే వెనకనున్నవాళ్లు మిమ్మల్ని చూసే చూపు తట్టుకోలేరు. బిల్లు నేనంటే నేనని చేతులు పట్టుకుని లాక్కునే మన అలవాటు మాత్రం అక్కడ బాగానే చెల్లుతుంది, వాళ్లూ అదే చేస్తారు. టిప్పు తప్పనిసరి కాదు. మిగిలిన చిల్లర వదిలేస్తే చాలు.

మూడో బార్ తర్వాత ఆపేయండి. అప్పటికి మూడవుతుంది, భోజనం వేళ. అప్పుడు కూర్చోవచ్చు.

వేరే ఊళ్లకు వెళితే

గ్రనాదాలో గ్లాసుతో పాటు వచ్చే తాపా ఉచితం, కాస్త గట్టి తిండే. చాలాచోట్ల ఏది పెట్టాలో బార్‌వాళ్లే నిర్ణయిస్తారు, కాబట్టి తిననివి గ్లాసు చెప్పేటప్పుడే చెప్పాలి. బార్సిలోనాలో ఉచితం ఆశించకండి. అక్కడ వెర్మూత్ పక్కన డబ్బాలో నిల్వచేసిన చేపలు, ఆల్చిప్పల్లాంటి గుల్ల జీవులే గొప్ప. డబ్బా తిండి అని మూతి ముడవకండి, వాటిలో తాజా చేప కంటే ఖరీదైనవి ఉంటాయి. సాన్ సెబాస్తియాన్‌లో కౌంటరు మీద పరిచి ఉండే పించోస్, అంటే అక్కడి చిన్న చిరుతిళ్లు, చూసి బఫే అనుకుని పళ్లెం నింపేయకూడదు. ఒక్కోదానికి డబ్బు కట్టాలి. పైగా రుచైనవి అక్కడ పరిచినవి కావు, నల్లబల్ల మీద రాసి అడిగితే వేడిగా చేసిచ్చేవి. రెండు చల్లనివి, ఒకటి వేడిది తిని తర్వాతి తలుపు వైపు నడవండి.