కంది వేళ్లు ఏ లోతులో నీళ్లు తాగుతున్నాయి? తవ్వకుండా చూసే పద్ధతి

బోరు పాయింటు కోసం జియాలజిస్టు నాలుగు కడ్డీలు దిగ్గొట్టి రెసిస్టివిటీ మీటరు చూస్తాడు కదా, ఇదీ ఆ పనే. బయటి రెండు కడ్డీల గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. కాకపోతే ఇక్కడ కడ్డీలు పదుల సంఖ్యలో, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఏ నాలుగు వాడాలో పరికరమే మార్చుకుంటూ పోతుంది. నేలలో పదును తగ్గేకొద్దీ రెసిస్టివిటీ, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. ఈ రీడింగులతో నేల లోపలి బొమ్మ గీస్తారు. వేరు కనిపించదు, వేరు తాగేసిన నీటి లోటు కనిపిస్తుంది. అందుకని ఒక్కరోజు తీసిన బొమ్మ చూపించి ‘ఇవిగో వేళ్లు’ అంటే నమ్మకండి. రెండు తేదీల మధ్య తేడాయే పనికొచ్చేది.

48 స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు కావాలి: 8-10 మి.మీ. మందం, 20 సెం.మీ. పొడవు. మొలక రాగానే, సాళ్లకు అడ్డంగా టేపు లాగి 25 సెం.మీ.కు ఒకటి చొప్పున పాతండి. వరుస 11.75 మీటర్లు వస్తుంది. వెన్నర్ అమరికలో (నాలుగు కడ్డీల మధ్య సమాన దూరం ఉండే పద్ధతి) 360 రీడింగులు, దాదాపు 2 మీటర్ల లోతు అందుతుంది. లోతుకు పోయేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. కడ్డీ 5 సెం.మీ. మించి దిగకూడదు, ఎందుకంటే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక చుక్కగానే తీసుకుంటుంది. వరుసలో సగం పంటలో, సగం కలుపు లేని ఖాళీ నేలలో ఉండాలి. పంట కోసేదాకా కడ్డీలు కదలకూడదు కాబట్టి అక్కడ గుంటక తోలకుండా చేత్తోనే కలుపు తీయించాలి.

కడ్డీకి, మట్టికి మధ్య నిరోధం 2 కిలో ఓంల లోపు ఉంటే మంచిది. ఎండిన చెల్కలో అది బాగా పెరిగిపోతుంది. బోరు పాయింటుకైతే ఉప్పునీళ్లు పోస్తారు. ఇక్కడ ఆ పని చేయొద్దు: మొక్కకు చేటు, పైగా ఆ ఉప్పే రీడింగులో పదునులా కనిపిస్తుంది. బెంటోనైటు (ఒక రకం బంకమన్ను) బురద కొద్దిగా పూస్తే చాలు. ఇనుప కంచె, జీఐ పైపులకు కనీసం వరుస పొడవంత దూరం పాటించండి. దగ్గర్లో మోటారు ఉంటే ఆపించండి. కరెంటు పంపే వ్యవధిని 20 మిల్లీసెకన్ల గుణిజాల్లో పెడితే 50 హెర్ట్జ్ రొద చాలావరకు పోతుంది. కరెంటు జతను, వోల్టేజి జతను తారుమారు చేసి మళ్లీ కొలవండి. రెండింటికీ 5 శాతం మించి తేడా వస్తే ఆ రీడింగు తీసేయండి.

ఎక్కువమంది తప్పేది ఉష్ణోగ్రత దగ్గర. మట్టి ఒక డిగ్రీ వేడెక్కితే రెసిస్టివిటీ సుమారు 2 శాతం పడిపోతుంది. 35 డిగ్రీల మట్టిలో 50 ఓం-మీటర్లు చూపిస్తే 25 డిగ్రీల లెక్కకు అది 60. దిద్దుబాటు: 50 × [1 + 0.02 × (35 − 25)]. వేర్వేరు లోతుల్లో థర్మామీటర్లు పెట్టి, ప్రతిసారీ ఒకే వేళకు కొలవండి. రెండు కొలతల మధ్య ఎరువు వేస్తే కరిగిన లవణాల వల్ల రెసిస్టివిటీ తగ్గుతుంది, నేల తడిసిందని పొరబడతారు.

నల్లరేగడిలో చిక్కు వేరు. నెర్రెలు విచ్చితే కరెంటు వాటిని దాటలేక చుట్టు తిరిగిపోతుంది. పదును ఉన్న చోట కూడా ఎండినట్టు చూపిస్తుంది. నెర్రెలు పడ్డాక వచ్చిన బొమ్మల పైభాగాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. కొత్తగా మొదలుపెట్టేవారు ఎర్ర నేలతో మొదలుపెట్టండి.

వాన గట్టిగా పడి, అదనపు నీరు ఇంకిపోయిన రెండో రోజు మొదటి కొలత తీయండి, ఆపై 3-4 రోజులకొకటి. మధ్యలో మళ్లీ వాన పడితే లెక్క కొత్తగా మొదలు. వానలు తగ్గి పూత, కాయ దశ నడిచే అక్టోబరు తర్వాతి కాలం దీనికి అనువైనది. రీడింగులను బొమ్మగా మార్చే ‘రెస్‌ఐపై’ (ResIPy) అనే సాఫ్ట్‌వేర్, లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో రూపొందింది, ఉచితంగా దొరుకుతుంది, తేదీల మధ్య తేడాను అదే గీస్తుంది.

రెసిస్టివిటీలో వచ్చిన శాతం మార్పును పదునుగా మార్చాలంటే వరుసకు దూరంగా ఆగరుతో (మట్టి తీసే బరమాతో) 15, 30, 60, 90 సెం.మీ. లోతుల్లో మట్టి తీసి, 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి తూచాలి. రెసిస్టివిటీకి ఎంత పదునో చూపే గీతను పై పొరకు, బంకమన్ను పొరకు విడివిడిగా గీయాలి. రెండింటికీ ఒకటే గీత వాడితే లోతు లెక్కంతా తప్పుతుంది. ఖాళీ నేల వైపు ఆవిరి వల్ల పై పొరే ఎండుతుంది. పంట వైపు అంతకంటే లోతున రెసిస్టివిటీ పెరిగిందంటే, ఆ నీళ్లు తాగింది కందే.