బడుల చర్చా సదస్సు: పెట్టబోయే విద్యార్థికి జాగ్రత్తలు

ముందు తేదీ. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరదలు, ఆ తరువాత నవంబరు దాకా తుపాన్ల భయం ఎక్కువ. సంక్రాంతి దాటితే పదో తరగతి పిల్లలను ఏ బడీ వదలదు. కోనసీమలో పెడితే డిసెంబరే మేలు. నర్సాపురం వైపు జట్లు సఖినేటిపల్లి రేవుకు పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద వస్తామంటాయి. పంటును నమ్ముకుని మొదటి చర్చ తొమ్మిదింటికి పెట్టకండి. చించినాడ వంతెన దారి కూడా రాసి పంపండి.

ప్రధానోపాధ్యాయుల అనుమతి కాగితం మీద ఉండాలి. "చూద్దాంలే బాబూ" అంటే అనుమతి కాదు. తల్లిదండ్రుల సంతకాలు, తోడు వచ్చే మాస్టారి ఫోను నంబరు సరేసరి.

ప్రపంచ పాఠశాలల చర్చా పద్ధతిలో జట్టుకు ముగ్గురు మాట్లాడతారు. ఒక్కొక్కరికి 8 నిమిషాలు, చివర జట్టుకొక 4 నిమిషాల సమాధాన ప్రసంగం. అంటే రెండు జట్లకూ కలిపి మాటలకే 56 నిమిషాలు. న్యాయనిర్ణేతల నిర్ణయం, వివరణ కలిపితే గంటన్నర. ఒక గదిలో రోజుకు నాలుగు చర్చలకు మించి పెట్టకండి. కొత్తవాళ్లయితే 8ని 5 చేయండి, ఎవరూ నొచ్చుకోరు.

అంశాలు మీ మాస్టారికి ముందే చూపించండి. వరి చేలను రొయ్యల చెరువులుగా మార్చడం మంచి అంశమే, వాదన రెండు వైపులా బలంగా ఉంది. అయితే చెరువులున్న పెద్దమనిషిని ఆ గదికి న్యాయనిర్ణేతగా వేయకండి! తమ బడి జట్టుకు తమ మాస్టారే మార్కులు వేయడమూ కుదరదు.

మైకు లేకపోయినా నడుస్తుంది. సమయం చూసేవారి చేతిలో గంట, తాగునీరు, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లు లేకపోతే నడవదు.