పార్వో నుంచి కుక్కపిల్లను, ఊరి పక్కనున్న అడవిని కాపాడుకునే విధానం

ఒక ఇంట్లో పార్వో అనే వైరస్ జబ్బుతో కుక్కపిల్ల చనిపోతుంది. నెల తిరక్కుండానే అదే వరండాలోకి మరో పిల్లను తెస్తారు. వారం పది రోజుల్లో అదీ పోతే, "మా ఇంటికి కుక్క అచ్చిరాదు" అనుకుంటారు. ఆ మాట అనే ముందు వరండా పక్కనున్న మట్టిని అనుమానించాలి. జబ్బుపడిన కుక్క విరేచనంతో బయటికొచ్చిన పార్వో వైరస్ నీడపట్టున, తేమ ఉన్న నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికి ఉంటుంది; చెప్పుల అడుగున, బండి చక్రానికి, పాలవాడి చేతికి అంటుకుని గడప దాటని పిల్ల దగ్గరికి కూడా చేరుతుంది. 1978లో తొలిసారి బయటపడిన ఈ వైరస్ రెండేళ్లు గడవకుండానే ప్రపంచమంతా పాకింది.

అందువల్ల మొదట చూసుకోవలసింది టీకాల లెక్క. ముర్రుపాల ద్వారా తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం అది టీకాను కూడా పనిచేయనివ్వదు, పైగా అది ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో పైకి చూసి చెప్పలేము. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున కొనసాగిస్తూ, చివరి మోతాదు తప్పనిసరిగా 16 వారాలు నిండాక పడేలా చూడాలి. ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య మరొకటి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో వేయించాలి. కుక్కలకు వచ్చే మరో వైరస్ జబ్బు డిస్టెంపర్; దానికీ, పార్వోకీ కలిపి ఒకే సూది ఉంటుంది. రేబిస్ టీకాను మూడు నెలలు నిండాక విడిగా వేయిస్తారు. నలభై ఐదు రోజుల పిల్లను చేతికిస్తూ "టీకాలన్నీ అయిపోయాయండీ" అనే అమ్మకందారు మాట ఈ లెక్క ప్రకారం నిజమయ్యే వీలే లేదు. టీకా పుస్తకం అడగండి. అందులో సీసా మీది స్టిక్కర్, తేదీ, డాక్టరు సంతకం ఉన్నాయో లేదో చూడండి. మందుల దుకాణంలో టీకా కొని తీసుకెళ్లేవారు దాన్ని ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే మోయాలి. ఎండలో జేబులో పెట్టుకుని తెచ్చిన టీకా వేయించినా వేయించనట్టే.

ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ. వైరస్ సోకిన మూడు నుంచి ఏడు రోజులకు పిల్ల మూలన ముడుచుకుంటుంది, గిన్నె ముట్టదు, నురగలా వాంతి చేసుకుంటుంది, ఆపైన ముక్కుపుటాలు అదిరే దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి. భుజాల మీది చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదలండి: వెంటనే సర్దుకోకుండా మడతలా నిలబడితే ఒంట్లో నీరు బాగా తగ్గిందని అర్థం. చిగుళ్లు పాలిపోయి, తాకితే జిగటగా ఉన్నా అదే సూచన. వైరస్ పేగుల లోపలి పొరతో పాటు ఎముక మజ్జను కూడా దెబ్బతీసి తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది కనుక ఇతర సూక్ష్మక్రిములు కూడా సులభంగా దాడి చేస్తాయి.

ఈ దశలో ఇంట్లో ఉంచి పసుపు నీళ్లు, పెరుగన్నం బలవంతంగా పట్టడం వల్ల వాంతులు పెరుగుతాయే తప్ప మేలు జరగదు. వైరస్‌ను నేరుగా చంపే మామూలు మందు లేదు. నరం ద్వారా సెలైన్, వాంతులు ఆగే మందు, ఇతర ఇన్ఫెక్షన్లకు యాంటీబయాటిక్ ఇస్తూ పిల్ల ఒళ్లే వైరస్‌ను తట్టుకునే దాకా నిలబెట్టడమే చికిత్స. అది అందకపోతే పదింటిలో తొమ్మిది దాకా చనిపోవచ్చు, వేళకు అందితే పదింటిలో ఎనిమిదికి పైగా బతికే అవకాశం ఉంది. ఆసుపత్రికి వెళ్లేముందు పార్వో అనుమానమని ఫోన్‌లో చెప్పండి, అక్కడ పిల్లను నేల మీదికి దించకండి.

శుభ్రం చేయడంలో చాలామంది పొరబడేది ఫినాయిల్ దగ్గర. దాని వాసన వస్తే ఇల్లు శుభ్రమైందనుకునే అలవాటు మనది, కానీ ఫినాయిల్‌కు గానీ స్పిరిట్‌కు గానీ పార్వో లొంగదు. బ్లీచింగ్ పౌడర్‌కు లొంగుతుంది. ముందుగా మలాన్ని, వాంతిని పూర్తిగా ఎత్తేసి, సబ్బు నీళ్లతో కడగాలి; మురికి మిగిలితే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత పది లీటర్ల బకెట్ నీటిలో తాజా పౌడర్ సుమారు 70 గ్రాములు కలిపి, తేరిన నీటిని గచ్చు మీద పోసి, పది నిమిషాల పాటు ఆరనివ్వకుండా ఉంచి కడగాలి. గడ్డ కట్టిన పాత పొట్లం పనికిరాదు. యాసిడ్‌తో గానీ మరుగుదొడ్డి క్లీనర్‌తో గానీ దీన్ని కలపకూడదు, విషవాయువు వస్తుంది. మట్టి పెరడును మాత్రం ఏ నీళ్లతోనూ పూర్తిగా శుద్ధి చేయలేము. అక్కడికి ఏడాది పాటు టీకాలు పూర్తికాని పిల్లను తేకపోవడమే మార్గం. కోలుకున్న కుక్క కూడా కొన్ని వారాలు వైరస్‌ను వదులుతూనే ఉంటుంది కనుక దానికి స్నానం చేయించి, నెల రోజులు ఇతర కుక్కలకు దూరంగా ఉంచండి.

నల్లమల అంచు గూడేల్లో, అడవి పక్క పల్లెల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే నక్కలు, తోడేళ్లు, రేచుకుక్కలు కుక్క జాతికి దగ్గరి చుట్టాలు. అమెరికాలోని సుపీరియర్ సరస్సు మధ్యనున్న ఐల్ రాయల్ దీవిలో 1980లో 50 తోడేళ్లు ఉండేవి; పార్వో చేరాక 1982కల్లా 14 మిగిలాయి. ఆ దీవికి పెంపుడు కుక్కలను తీసుకెళ్లడం నేటికీ నిషేధం. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో కొద్ది వారాల్లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నింటిలో డిస్టెంపర్ బయటపడింది. మిగిలినవాటి కోసం అమెరికా నుంచి టీకా తెప్పించవలసి వచ్చింది. డిస్టెంపర్ ఎక్కువగా ఊపిరి ద్వారా పాకుతుంది, పార్వోలా నేలలో నిలవదు. కానీ పులికి, సింహానికి కూడా సోకుతుంది.

కనుక మేకల వెంట అడవిలోకి వెళ్లే కుక్కకు టీకాలు పూర్తయి ఉండాలి. చనిపోయిన కుక్కను వాగులోకో అడవి అంచుకో విసరకుండా, నీటికి దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. తూలుతూ నడిచే, మనిషిని చూసి బెదరని నక్క కనబడితే అది డిస్టెంపర్ కావచ్చు, రేబిస్ కావచ్చు. దగ్గరికి వెళ్లకుండా అటవీశాఖ బీట్ ఆఫీసరుకు చెప్పండి. అది కరిచినా, గీరినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ సూది వేయించుకోండి.