చలి దేశంలో లారీ స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాలు

పోయిన జనవరిలో మా అక్క కొడుకు మొదటిసారి శ్రీనగర్ లోడు ఎత్తాడు. గుంటూరు మిర్చి. బయలుదేరే ముందు ఫోన్ చేసి, "మామయ్యా, దుప్పట్లు ఎన్ని పెట్టుకోవాలి?" అని అడిగాడు. దుప్పట్ల సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, ఇంజిన్ సంగతి ఏం చేస్తావో చెప్పు అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు. ఆ రోజు వాడికి గంటసేపు చెప్పిన మాటలే ఇవి.

మన జిల్లాల్లో తిరిగే డ్రైవరుకు చలి సంగతి చేతికి తెలియదు. డిసెంబరు తెల్లవారుజామున కూడా ఒక్క సెల్ఫ్‌కే బండి అందుకుంటుంది. లంబసింగి వైపు రాత్రి ఆగినవాళ్లకు మాత్రం కాస్త రుచి తెలిసి ఉంటుంది. జమ్మూ దాటి, బనిహాల్ దగ్గర ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం గుండా ఖాజీగుండ్‌లోకి వెళ్తే అది వేరే లోకం. డిసెంబరు 21 నుంచి 40 రోజులను అక్కడివాళ్లు చిల్లై కలాన్ అంటారు. మంచు పడి రోడ్డు మూశారంటే లారీలన్నీ అక్కడే వరస కడతాయి. రాత్రిపూట సున్నాకు ఐదారు డిగ్రీలు కిందికి పడిపోవడం మామూలే.

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోలు బండిలా నిప్పురవ్వ ఉండదు. గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. సిలిండర్ గోడలు గడ్డకట్టి ఉంటే ఆ వేడిని అవే పీల్చేస్తాయి. ఆయిల్ చిక్కబడి ఇంజిన్ బరువుగా తిరుగుతుంది. బ్యాటరీ కూడా సరిగ్గా అప్పుడే నీరసపడుతుంది. పొద్దున పడే కష్టమంతా ఈ మూడింటి వల్లనే.

అందుకే పని ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది. ట్యాంకు నింపి పడుకోండి. ఖాళీ ట్యాంకులో గాలి చెమ్మ నీరుగా దిగుతుంది. డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న మర తిప్పి నీళ్లు వదలండి. ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు కూడా తీసేయండి, లేకపోతే బ్రేకు పైపుల్లో గడ్డకడతాయి. రేడియేటర్‌లో కూలెంటు, నీళ్లు సగం సగం ఉండాలి. దారిలో హోస్ కారుతోందని ధాబా దగ్గర బకెట్లకు బకెట్లు పచ్చినీళ్లు పోసుకుంటూ వెళ్తే ఆ సగం సగం లెక్క పోయినట్టే. నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది.

పొద్దున తాళం తిప్పి, చుట్టిన తీగ బొమ్మ ఉన్న హీటర్ లైటు ఆరేదాకా ఆగండి. తొందరపడితే లాభం లేదు. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే గేర్‌బాక్స్‌లోని చిక్కటి ఆయిల్ బరువు స్టార్టర్ మీద పడదు. సెల్ఫ్ పదిహేను సెకన్లకు మించి కొట్టవద్దు. అందుకోకపోతే ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. హీటర్ ఉన్న ఇంజిన్‌లో, త్వరగా అంటుకుంటుందని ఈథర్ స్ప్రే కొట్టడం మాత్రం పేలుడును పిలవడమే.

అందుకున్నాక రేస్ తొక్కకండి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. 2009లో ఖాజీగుండ్‌లో మూడు రోజులు ఇరుక్కుని, రోడ్డు తెరిచారనగానే స్టార్ట్ చేసి, వెనక బండ్లు హారన్ కొడుతుంటే రేస్ మీద రేస్ ఇచ్చాను. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో దాకా ఆయిల్ ఇంకా ఎక్కనే లేదు. అంబాలా చేరేసరికి టర్బో ఈల వేయడం మొదలుపెట్టింది. ఆ ట్రిప్పు కిరాయి మొత్తం మెకానిక్‌కే ఇచ్చి వచ్చాను.

రేస్ వదిలి, స్లోలో ఉన్న ఇంజిన్ మాట వినండి. వేడెక్కిన మా బండి నిమిషానికి 600, 650 చుట్ల దగ్గర నిలబడుతుంది. చలిలో అదే ఇంజిన్‌ను కంప్యూటర్ 800, 900 దగ్గర పట్టుకుంటుంది. మీటరు చూసి కంగారు పడవద్దు, వేడెక్కేకొద్దీ అదే దిగుతుంది. మొదట టకటకమని గట్టి చప్పుడు కూడా వస్తుంది. డీజిల్ ఆలస్యంగా, ఒక్కసారిగా అంటుకోవడం వల్ల వచ్చే చప్పుడది. కళ్లు మండించే తెల్లపొగ కాలని డీజిల్. నిమిషాల్లో పలచబడితే మంచిదే. ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గకపోతే ఇంజెక్టర్లో, కంప్రెషనో చూపించుకోవాలి. పొగకు తియ్యటి వాసన ఉండి, కూలెంటు తగ్గుతుంటే సిలిండర్ల మూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడండి.

స్లో నిలకడగా లేకుండా ఊయలలా లేస్తూ పడుతూ ఉంటే గొడవ డీజిల్ దారిలో ఉంది. చలికి డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది, లేదా ఎక్కడో గాలి పట్టింది. ముందు డీజిల్ ఎక్కించే హ్యాండ్ పంపు కొట్టి చూడండి. ఫిల్టర్ విప్పితే తెల్లటి ముద్ద కనబడిందా, అది మైనమే. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డలు ఫిల్టర్‌కు, పైపులకు చుట్టండి, లేదా కొత్త ఫిల్టర్ వేయండి. ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లను చాలామందిని చూశాను, వాళ్ల పక్కన నా బండి ఎప్పుడూ ఆపలేదు. కిరోసిన్ కలపడం పాత బండ్ల నాటి అలవాటు. బీఎస్ 6, అంటే కొత్త కాలుష్య నియమాల బండ్ల ఇంజెక్టర్లు దానికి తట్టుకోవు. లేహ్ దాకా వెళ్లేవాళ్లకు మైనస్ 33 డిగ్రీలలోనూ పారే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నుంచి అమ్ముతోంది. పొగను శుభ్రం చేయడానికి వాడే యూరియా నీళ్లు, యాడ్‌బ్లూ, మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి దాని ట్యాంకును అంచుదాకా నింపకండి. వేడినీళ్లు పోయకండి, ఇంజిన్ వేడికి అదే కరుగుతుంది.

ఎంతసేపు స్లోలో పెట్టాలి? ఆయిల్ ప్రెషర్ నిలబడి, గాలి నిండి బ్రేకు బజర్ ఆగేదాకా. నాలుగైదు నిమిషాలు చాలు. తర్వాత చిన్న గేర్లలో, 1500 చుట్లు దాటకుండా మెల్లగా కదలండి. గంటసేపు నిలబెడితే వేడెక్కుతుందని అనుకుంటారు కానీ, పనిలేని ఇంజిన్ కాల్చే డీజిల్ తక్కువ, పుట్టే వేడీ తక్కువే. రెండు మూడు లీటర్లు వృథా. పైగా కాలని డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది, పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. నిలబెట్టక తప్పకపోతే, స్లో పెంచే స్విచ్ ఉన్న బండిలో 900, 1000 దగ్గర పెట్టుకోండి.

ఇంకొక మాట. వెచ్చగా ఉంటుందని రాత్రంతా ఇంజిన్ నడుపుతూ, లేదా కాశ్మీరీల కాంగ్డీ నిప్పులు కేబిన్‌లో పెట్టుకుని అద్దాలు బిగించి పడుకోకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు. దుప్పట్లు ఎన్ని అని మావాడు అడిగింది తప్పు ప్రశ్నేమీ కాదు. నాలుగు పెట్టుకోమన్నాను.

ఐదో రోజు పొద్దున ఏడింటికి ఖాజీగుండ్ నుంచి ఫోన్ వచ్చింది. వాడేమీ మాట్లాడకుండా ఫోన్‌ను ఇంజిన్ దగ్గర పెట్టాడు. టకటకమని పై స్లో. కాసేపటికి ఒక మెట్టు దిగింది. ఇంకాసేపటికి బజర్ ఆగిపోయింది.

"ఇప్పుడు కదులు," అన్నాను.