10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు ఒంటికి సరిపడే స్టాక్‌ను ఎంచుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో చదివే పిల్లల్లో చాలామంది రైఫిల్‌ను మొదటిసారి ఎన్.సి.సి. శిబిరంలోనే పట్టుకుంటారు. అక్కడిచ్చే .22 రైఫిల్ చెక్క స్టాక్ (భుజానికి, చెంపకు, చేతులకు ఆనే రైఫిల్ ఒళ్లు) అందరికీ ఒకటే కొలత కాబట్టి, ఐదడుగుల అమ్మాయి అయినా ఆరడుగుల అబ్బాయి అయినా దానికి తగ్గట్టు ఒంటినే సర్దుకోవలసి వస్తుంది. బోర్లా పడుకుని కొన్ని రౌండ్లు కాల్చడానికి అది చాలు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో మాత్రం నిలబడి, గంటా పదిహేను నిమిషాల్లో 60 పెల్లెట్లు కాల్చాలి. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అంతసేపు అంత నిలకడ కావాలంటే రైఫిలే మనిషి దగ్గరికి రావాలి, మనిషి మెడ వంచి రైఫిల్ దగ్గరికి వెళ్లకూడదు. పొడవు, ఎత్తు మార్చుకోగల స్టాక్‌ను కొనేది ఇందుకోసమే.

కొనేముందు ఏ కన్ను బలమైనదో తేల్చుకోవాలి. రెండు కళ్లూ తెరిచి దూరాన ఉన్న ఒక వస్తువును వేలితో చూపి, ఒక్కో కన్ను మూసి చూస్తే, ఏ కంటితో చూసినప్పుడు వేలు ఆ వస్తువు మీదే నిలుస్తుందో అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం స్టాక్ కొన్నాక ఎడమ కన్ను బలమైనదని తెలిస్తే, ఎన్ని మరలు తిప్పినా ప్రయోజనం ఉండదు.

పొడవు చూడటానికి అంగళ్లలో ఒక పద్ధతి చూపిస్తారు: బట్ ప్లేట్‌ను, అంటే భుజానికి ఆనే స్టాక్ వెనుక కొసను, మోచేతి మడతలో ఆనించి, చూపుడువేలు ట్రిగ్గర్‌కు అందితే సరిపోయినట్టేనంటారు. అది ఆరంభానికి మాత్రమే పనికొస్తుంది. అసలు కొలతను షూటింగ్ జాకెట్ తొడుక్కుని, కాల్చే భంగిమలో నిలబడి చూడాలి. జాకెట్ మందం వల్ల, పలుచని చొక్కా మీద సరిగ్గా అనిపించిన పొడవు రేంజిలో ఎక్కువైపోతుంది. రైఫిల్‌లో పెల్లెట్ లేదని చూసుకుని, సేఫ్టీ ఫ్లాగ్ (గొట్టం ఖాళీగా ఉందని చూపే రంగు తీగ) పెట్టిన తరువాతే ఈ సర్దుబాట్లన్నీ చేయాలి. ముందుగా గ్రిప్‌ను (పిడిని), ట్రిగ్గర్‌ను చేతికి కుదుర్చుకోవాలి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద నిలువుగా ఆని, సూటిగా వెనక్కి రావాలి. ఆ తరువాతే బట్ ప్లేట్‌ను ముందుకో వెనక్కో జరపాలి. పొడవు ఎక్కువైతే భుజం వెనక్కి నెట్టుకుపోయి నడుము మెలితిరుగుతుంది, తక్కువైతే, రంధ్రంలోంచి గురి చూసే వెనుక సైట్‌కు కన్ను మరీ దగ్గరవుతుంది.

అన్నింటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసినవి బట్ ప్లేట్ ఎత్తు, చీక్ పీస్ (చెంప ఆనించే దిమ్మ). నిలబడి కాల్చేటప్పుడు రైఫిల్ ముందుభాగాన్ని మోసే చేతి మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది కాబట్టి, రైఫిల్ ఎంత ఎత్తులో నిలుస్తుందో ఆ ఎముకే నిర్ణయిస్తుంది. అప్పుడు తల నిటారుగా ఉండి కన్ను సైట్‌కు సరిపోవాలంటే, బట్ ప్లేట్ కిందికి జరగాలి, ముందుభాగం కింద ఎత్తు పెంచే రైజర్ ఉండాలి. స్టాక్‌లో ఈ రెండింటికీ చోటుందో లేదో కొనేముందే చూడాలి. పొడుగు మెడ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

చీక్ పీస్‌ను పరీక్షించే తీరు ఇది. కళ్లు మూసుకుని రైఫిల్‌ను ఎత్తి, చెంపను బరువుగా ఆనించి, రెండుసార్లు ఊపిరి తీసి వదిలాక కళ్లు తెరవాలి. గొట్టం చివరనున్న ముందు సైట్ వలయం, వెనుక సైట్ రంధ్రానికి నట్టనడుమ కనిపిస్తే కొలత కుదిరినట్టు. అది పైకి జరిగి కనిపిస్తే చీక్ పీస్ ఎత్తు ఎక్కువైంది, కిందికి జరిగి కనిపిస్తే తక్కువైంది. కుడిచేతి వాటం వారికి ఎడమకు జరిగి కనిపిస్తే, చీక్ పీస్ మొహాన్ని బయటికి నెడుతోందని అర్థం. చాలామంది ఇక్కడ తలను కాస్త కదిపి సరిపెట్టుకుంటారు. అలా చేయకూడదు, మెడ కండరం పట్టి ఉంచిన సర్దుబాటు ముప్పయ్యో షాట్ దాకా కూడా నిలవదు.

చెక్క మంచిదా, అల్యూమినియం మంచిదా అన్న ప్రశ్నకు, కొత్తవారికి చెక్క చాలునన్నది నా అభిప్రాయం, చీక్ పీస్, బట్ ప్లేట్ రెండూ కదిలేవైతే. అల్యూమినియం స్టాక్‌లో సర్దుబాట్లు ఎక్కువ, ధరా ఎక్కువే. మన ప్రాంతంలో మే నెల ఎండకూ, ఈశాన్య రుతుపవనాల తేమకూ అల్యూమినియం చలించదన్నది నిజమే. పొరలు అతికించి చేసిన చెక్క కూడా ఒంటిచెక్క కంటే బాగా తట్టుకుంటుంది. చెక్క గ్రిప్‌ను చేతికి తగ్గట్టు చెక్కించుకోవచ్చు. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో కొయ్యపని తెలిసిన చేతులు ఉన్నాయి కనుక అది మనకు దూరాభారం కాదు. అయితే తీసేసిన చెక్క తిరిగి రాదు. ముందు పుట్టీ అద్ది, చేతికి ఎక్కడ నిండాలో ఎక్కడ తగ్గాలో తెలుసుకున్నాకే ఉలి పెట్టించాలి. యాక్షన్ (పెల్లెట్‌ను పేల్చే లోహపు యంత్రభాగం) బిగించే చోటును మాత్రం ముట్టనివ్వకూడదు.

సైనిక రైఫిళ్ల తరహాలో, మీట నొక్కితే మెట్లు మెట్లుగా జరిగే స్టాక్‌లు ఇప్పుడు కొన్ని వినోదపు ఎయిర్ రైఫిళ్లకు కూడా వస్తున్నాయి. మోసుకెళ్లడానికి అవి అనుకూలమే కానీ, రెండు మెట్ల మధ్య కొలత కావాలంటే దొరకదు; పిన్నుకూ రంధ్రానికీ మధ్య ఉండే సందు వల్ల కొంత ఊగులాట కూడా ఉంటుంది. లక్ష్యానికి కాల్చేవారికి మరతో బిగించేదే కావాలి. ఏ స్టాక్‌నైనా ముందుభాగాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టి, బట్ ప్లేట్‌ను మరో చేత్తో మెలిపెట్టి చూడండి. వేలికి తెలిసేంత కదలిక ఉంటే, ఎంత పేరున్న కంపెనీదైనా వద్దనండి. కదిలే ప్రతి భాగం మీదా గీతల కొలబద్ద ఉండటం కూడా అవసరమే. లేకపోతే సన్నని గీత గీసి, ఆ కొలతలన్నీ నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి; ప్రయాణానికి పెట్టెలో పట్టక విప్పిన స్టాక్‌ను పోటీ ఉదయాన మళ్లీ అదే కొలతకు తేవాలి కదా.

నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. పన్నెండేళ్ల పిల్లలకు అంత బరువు ఎత్తిస్తే నడుము నొప్పి తప్పదు. ఎదిగే పిల్లలకు తేలికైన స్టాక్ తీసుకుని, ఈనాటి కొలత సర్దుబాటు పరిధిలో మొదటి సగంలోనే ఉండేలా చూస్తే, తరువాత పెంచుకోవడానికి చోటు మిగులుతుంది.

కుదిర్చిన తరువాత ఒక్కసారికి ఒక్క మరనే మార్చి, కనీసం పది షాట్లు కాల్చి, అవి ఎంత దగ్గర దగ్గరగా గుంపుగా పడ్డాయో చూడాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో తెలియదు. పోటీకి ముందు వారంలో ఏ మరనూ కదపకండి. బట్ ప్లేట్, చీక్ పీస్ ఎంతవరకు జరగవచ్చో నిబంధనల్లో హద్దులున్నాయి కనుక, చివరి కొలతలను కోచ్‌కు చూపించి, పరికరాల తనిఖీలో నిలుస్తాయని నిర్ధారించుకున్నాకే రైఫిల్‌ను పెట్టెలో సర్దండి.